బత్తాయి ఆగిన చోటు

దిల్‌సుఖ్‌నగర్ నిండా ఇప్పుడు కోచింగ్ సెంటర్లే. మొన్న మందుల కోసం బయటికి వెళ్లి, వాటిలో ఒకదాని బోర్డు నీడన కాసేపు నిలబడ్డాను. ఆరు నెలల్లో యానిమేషన్ నేర్పుతారట. ఉద్యోగం గ్యారంటీ అట. మెట్ల మీద పిల్లలు గుంపులుగా ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒకణ్ణి ఆపి, బొమ్మను కదిలించడం నేర్పుతున్నారు సరే, ఆపడం నేర్పుతున్నారా అని అడిగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "పాజ్ బటన్ ఉంటది గద తాతా" అని పోయాడు.

ఆ మాటతో నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆ మెట్లెక్కే పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. చదువుతారో లేదో వాళ్లిష్టం.

నేను పనిచేసింది ఆ బోర్డుకు నాలుగు సందుల అవతల, సైకిల్ రిపేరు దుకాణం మీది మేడలో ఉండిన బొమ్మల స్టూడియోలో. రెండు గదులు, ఒక వరండా. నా పని కెమెరా. ఇనుప చట్రానికి బిగించి ఉండేది, ముఖం కిందికి పెట్టి బల్లను చూస్తూ. దాని కింద బొమ్మ పెట్టాలి, బటన్ నొక్కాలి, ఆ బొమ్మ తీసి ఇంకోటి పెట్టాలి. ఇరవై నాలుగు ఫ్రేములు తీస్తే తెర మీద ఒక్క సెకను. నేను ఏడో తరగతి దాటని వాణ్ణి. నల్గొండ వైపు పల్లె నుంచి బత్తాయిల లారీ మీద ఈ ఊరు చేరాను. ఇంగ్లీషు నేర్చుకున్నది ఫిల్ము డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని. మిగతా చదువు లైబ్రరీ బెంచీల మీద. చదివిందెంతో మీరే తేల్చుకోండి.

మా డైరెక్టరు గుంటూరు వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. అసలు సినిమాకు ముందు థియేటర్లలో వేసే చిన్న బొమ్మల సినిమాలు తీసేవాడు, ఒక్కొక్కటి ఏడెనిమిది నిమిషాలు. వాటిలో మాటలు ఉండవు. సంతకానికి బదులు మొదట ఒక చీమ తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తుంది. ఆ చీమ కనబడగానే హాలు హాలంతా ఈలలు. ఆయన ముఖం ఎవరికీ తెలియదు. చీమ సారు అనేవాళ్లు. చీమ సారు బొమ్మ చూసేసి, అసలు సినిమా మొదలవగానే బీడీ కోసం బయటికి నడిచేవాళ్లను నా కళ్లతో చూశాను.

ఇంత రాశాక నాకు నచ్చిన బొమ్మలేవో చెప్పకపోతే ఎట్లా? ఒకటి గొడుగు బొమ్మ. వానలో ఒక గొడుగు గాలికి కొట్టుకుపోతుంటుంది. ఎవరి చేతికి చిక్కితే వాళ్లు పక్కవాణ్ణి దాని కిందికి రానివ్వరు. చివరికి అది ఒక గేదె కొమ్ముకు తగులుకుంటుంది. గేదె ఎవర్నీ తరమదు గనక ఊరంతా వచ్చి గేదె చుట్టూ నిలబడుతుంది. రెండోది విమానం బొమ్మ. దానికోసం మమ్మల్ని నాదర్‌గుల్ తీసుకెళ్లి, పైలట్లకు నేర్పే చిన్న విమానాలు దిగేచోట పొద్దంతా ఎండలో కూర్చోబెట్టాడు. దిగడం రాని విమానానికి ఒక కొంగ దిగడం నేర్పుతుంది. నేర్చుకున్న విమానం కొంగలాగే ఒంటికాలి మీద నిలబడుతుంది. ఈ మధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి వీటిని పిల్లల కాలక్షేపం అన్నాడు. లేచి బయటికి వచ్చేశాను. నేను లేచి వచ్చేసిన సభలు చాలా ఉన్నాయి, అది వేరే సంగతి.

మూడోది బత్తాయి బొమ్మ. నేను చెప్పదలచింది దాని గురించే.

గడ్డిఅన్నారం మార్కెట్లో లారీ మీది నుంచి ఒక బత్తాయి జారి పడుతుంది. హమాలీల కాళ్ల మధ్య నుంచి, ఎడ్లబండి కింద నుంచి, రోడ్డు మీదికి దొర్లుతుంది. దాన్ని పట్టుకోవడానికి హమాలీ, కుక్క, ట్రాఫిక్ పోలీసు, పెళ్లికొడుకు, అందరూ వెంటపడతారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. అది ఎవరికీ అందదు. దొర్లి దొర్లి, ఎవరి కాలో తగిలి ఎగిరి, ఒక దవాఖాన మెట్ల పైకి వస్తుంది. అక్కడ కింది మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంటుంది, లోపల ఉన్న ముసలాయన కోసం. బత్తాయి ఆమె తల పక్కనున్న పై మెట్టు అంచుకు వచ్చి ఆగుతుంది. ఆమె దాన్ని చూస్తుంది. చెయ్యి చాపదు, అది ఆమెది కాదు గనక. బత్తాయి కదలదు, ముసలామె కదలదు, తెర మీద ఏదీ కదలదు. అప్పుడు అది ఆమె ఒడిలో పడుతుంది. అంతే బొమ్మ.

ఆ కదలని చోటు పది సెకన్లకు పైనే. బొమ్మల సినిమాలో పది సెకన్లు అంటే తెల్లారి పొద్దుగూకినట్టు. ఒకే బొమ్మను కెమెరా కింద ఉంచి నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. రంగుల గదిలో ఆడవాళ్లకు పెద్ద ఒక అక్క ఉండేది, అల్మాస్‌గూడ మనిషి. గుమ్మంలో నిలబడి చూసి చూసి ఆగలేకపోయింది.

"ఏంది తమ్మీ, గదే బొమ్మ గన్నిసార్లు తీస్తున్నవ్? అరిగిపోతది."

"సార్ కాయితంల గన్నే రాసిండక్కా."

"సార్‌కు కునుకు పట్టింది గావొచ్చు రాస్తా రాస్తా."

వరండాలోంచి డైరెక్టరు గొంతు వినిపించింది. "నాకు వినబడుతోందమ్మాయ్. బొమ్మ కదిలినంతసేపూ జనం చూస్తారు. ఆగితేనే ఆలోచిస్తారు. వాళ్లని కాస్త ఆలోచించుకోనీ."

ఇక్కడ మా స్టూడియో పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మేం బొమ్మలు గీసేది కాగితం మీద కాదు, అద్దంలా అవతలి వైపు కనిపించే ప్లాస్టిక్ షీట్ల మీద. వాటికి ఖర్చెక్కువ. అందుకని ఒక బొమ్మల సినిమా అయిపోగానే వేలకొద్దీ షీట్లను వేడినీళ్ల తొట్లో వేసి, రంగులు కడిగి, తీగల మీద ఆరేసి, తర్వాతి సినిమాకు వాడేవాళ్లం. బత్తాయిని కడిగిన షీట్ల మీదే గొడుగు గీశాం. గొడుగును కడిగి కొంగను గీశాం. కడిగే రోజున తొట్టి నీళ్లు ఏ సినిమా అయితే ఆ రంగులో ఉండేవి. ఆ నీళ్లు మోరీలో పోసేవాళ్లం. కాబట్టి తీసిన తర్వాత మా దగ్గర బొమ్మలేవీ మిగలవు. మిగిలేది డబ్బాలోని నెగెటివ్ ఒక్కటే. అది ఉంటే సినిమా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

బత్తాయి బొమ్మ థియేటర్లలో విడుదలైన రోజునే గొడవ మొదలైంది. బత్తాయి మెట్టు మీద ఆగగానే జనం రీలు ఇరుక్కుందనుకున్నారు. అప్పట్లో మెషిన్లో రీలు ఇరుక్కుంటే దీపం వేడికి ఫిల్ము కాలిపోయేది. జనం ఈలలు వేశారు, కుర్చీలు బాదారు, ఆపరేటర్లను తల్లీ చెల్లీ తిట్టారు. భయపడి ఒక ఆపరేటరు మెషిన్ దీపం మూసేశాడు. అది తెలిసి మిగతా థియేటర్లూ అదే పని చేశాయి. బత్తాయి ఒడిలో పడడం ఎవరూ చూడలేదు. మర్నాడు మా ఓనరు వచ్చాడు. మంచి మనిషే. కానీ థియేటర్ల వాళ్లకు ఎదురు చెప్పలేడు. థియేటర్లకు వెళ్లిన ప్రింట్లు అన్నిటిలోంచీ ఆ ఆగే ముక్క కత్తిరించి పారేయించాడు. అప్పటినుంచి బత్తాయి ఎక్కడా ఆగకుండా వచ్చి తిన్నగా ఒడిలో పడేది. అందరూ నవ్వారు. బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది.

డైరెక్టరు పెద్దగా గొడవ చేయలేదు. నెగెటివ్ జోలికి మాత్రం పోవద్దన్నాడు. ఓనరు ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ ముక్కతో సహా బొమ్మను డైరెక్టరు చూసింది ఒక్కసారే, ల్యాబులో, మొదటి ప్రింటు వచ్చినప్పుడు. అప్పుడు కూడా పక్కన ఓనరు థియేటర్ల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. "జనం మధ్య చూడలేదయ్యా. ఆ ఆపడం సరిపోయిందో, ఎక్కువైందో నాకే తెలీదు" అని ఆయన నాతో ఎన్నిసార్లన్నాడో.

తర్వాత థియేటర్లు చిన్న బొమ్మలు వేయడం మానేశాయి. స్టూడియో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మారింది. ఆ మారేటప్పుడు నెగెటివ్ డబ్బాలు కట్టే పని అక్క తీసుకుంది. ఇంట్లో పట్టుచీరలు దాచుకున్నట్టు దాచింది. ఒక్కో డబ్బాకు పాత నూలు చీర ముక్క చుట్టి, కలరా ఉండలు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అంచు చుట్టూ టేపు అంటించి, పైన పురికొస బిగించి కట్టింది. దుమ్ము పోకూడదు, చెమ్మ పోకూడదు, పురుగు పోకూడదు. ఓనరు మెచ్చుకున్నాడు. నేను మెచ్చుకున్నాను. డైరెక్టరు అయితే, "మా పిల్లల్ని పొత్తిళ్లలో పెట్టావు తల్లీ" అన్నాడు. అందరం కలిసి వాటిని హైవే పక్కనున్న రేకుల గోదాంలో వరసగా పేర్చి తాళం వేశాం.

ఓనరు పోయాక కొడుకు వచ్చాడు. కంపెనీ పెళ్లి వీడియోల్లోకి, ప్రకటనల్లోకి దిగింది. మమ్మల్ని పంపించేశారు. దాని గురించి నాకు కోపం ఉంది కానీ ఇక్కడ చోటు లేదు. డైరెక్టరు అల్మాస్‌గూడలో అక్క ఇంటి వెనక గదిలో కిరాయికి దిగాడు. ఏళ్లు గడిచాయి. ఎల్బీనగర్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో షుగరు ఆయన కళ్ల మీదికి వచ్చింది. కంటి డాక్టరు, ఉన్న చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఒక పని చేసిపెట్టాలి నువ్వు."

"చెప్పండి సార్."

"బత్తాయిని ఒక్కసారి చూడాలి. మొత్తం. పెద్ద తెర మీద, జనంలో కూర్చుని. ఆ ఆపిన చోట తప్పు చేశానో లేదో తేల్చుకోవాలి. కళ్లు పోయాక ఇంక ఎవర్ని అడగను?"

మర్నాడే అక్కా నేనూ ఎల్బీనగర్‌లో చిన్న ఓనరు ఆఫీసుకు వెళ్లాం. అద్దాల గది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మర్యాద తెలిసినవాడే.

"నెగెటివ్స్ అన్నీ సేఫ్ అంకుల్. గోదాంలనే ఉన్నయ్. డాడీ పోయేముందు కూడా చెప్పిండు, అవ్వి ముట్టొద్దని."

"ముట్టొద్దన్నది కొయ్యొద్దని బాబూ. చూడొద్దని కాదు" అన్నాను.

"చూద్దాం అంకుల్. ఫంక్షన్ హాల్ల మా యాన్యువల్ డే ఉంది. పెద్ద స్క్రీన్ పెడుతున్నం. సార్‌ను పిలుద్దాం, సన్మానం చేద్దాం, బత్తాయి వేద్దాం. కొత్త సినిమా లెక్క చేయించి వేస్త, చూడండి మీరే."

అక్క ముందుకు వంగింది. "మొత్తం వెయ్యాలె కొడకా. ఆగే కాడ ఆగాలె."

"ఆగుతది అమ్మా."

"ఏది ఆగుతదో ఎర్కేనా నీకు?"

"బత్తాయే గదా" అని నవ్వాడు. నేను ఆ నవ్వును నమ్మాను. అక్క నమ్మలేదు. బస్సులో వస్తూ, "పోరడు తలకాయ మస్తు ఊపిండు తమ్మీ. వినెటోడు గంత ఊపడు" అంది.

సన్మానమంటే డైరెక్టరుకు ఒళ్లు మంట. అయినా బొమ్మ కోసం ఒప్పుకున్నాడు. అక్క ఆయనకు తెల్ల పంచె ఉతికి గంజి పెట్టింది. హాలు నిండా కంపెనీ వాళ్లు, వాళ్ల కుటుంబాలు, పిల్లలు. ఆయనకు శాలువా కప్పారు. ఒక గాజు బొమ్మ చేతిలో పెట్టారు. చిన్న ఓనరు ఆయన గురించి ఇంగ్లీషులో గొప్పగా మాట్లాడాడు. "మనిషి పోయాక చేసే పనయ్యా ఇది, ముందే కానిచ్చేస్తున్నారు" అని డైరెక్టరు నా చెవిలో అన్నాడు. అప్పటికి కులాసాగానే ఉన్నాడు. మొదటి వరసలో మధ్యన ఆయన, అటు అక్క, ఇటు నేను. లైట్లు ఆరాయి.

చీమ నడిచింది. ఆ తర్వాత పెద్ద డప్పు మోత. బత్తాయి లారీ మీది నుంచి దూకింది. జారి పడలేదు, దూకింది. దాని రంగు పెళ్లి పందిట్లో లైట్ల రంగు. డైరెక్టరు కళ్లు చికిలించి ముందుకు జరిగాడు.

"దాని మీద ఆ తెల్ల మచ్చలేంటయ్యా? ఫిల్ము గీసుకుపోయిందా?"

నేనూ ముందుకు జరిగి చూశాను. మళ్లీ అడిగాడు.

"కండ్లు సార్" అన్నాను. "కండ్లు పెట్టిండ్రు."

"ఎవరికి?"

"బత్తాయికి."

ఆయన వెనక్కి వాలాడు. పండుకు కళ్లు పెడితే అది పండు కాదు, వేషం కట్టిన మనిషని ఆయన మాకు మొదటి రోజునే చెప్పాడు. తెర మీద బత్తాయికి నోరు కూడా వచ్చింది. పాట ఎత్తుకుంది. వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు. హమాలీ, కుక్క, పోలీసు అందరూ రెండింతల వేగంతో పరుగెత్తారు. అది అసలు నెగెటివ్ నుంచి వచ్చింది కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. ఎప్పుడో టీవీలో వేసిన కత్తిరింపు ప్రింటు టేపు తెచ్చి, దానికి రంగు పూశారు. దవాఖాన వచ్చింది. డైరెక్టరు నా మణికట్టు పట్టుకున్నాడు. తెర మీద ఆయనకు అలుక్కుపోయిన రంగు తప్ప ఏమీ తెలియడం లేదు.

"ఆగిందా?" అన్నాడు.

బత్తాయి ఆగలేదు. పాడుకుంటూ వచ్చి ఒడిలో పడి కన్ను కొట్టింది. హాలు ఘొల్లుమని నవ్వింది.

అక్క ఆయన వైపు వంగింది. "ఆగింది సార్."

"డప్పు ఆగలేదుగా తల్లీ" అన్నాడాయన.

నేను లేచి నిలబడి "బంద్ చెయ్యుండ్రి" అని అరిచాను. బొమ్మ అప్పటికే అయిపోయింది. మొదటి వరసలో ముసలివాడెవడో సంతోషం పట్టలేక లేచాడనుకుని వెనకవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. నా నలభై ఏళ్ల కోపానికి ఈ ఊళ్లో దక్కిన చప్పట్లు అవే.

చిన్న ఓనరు పరుగున వచ్చాడు. "ఎట్లుంది సార్? అందరికీ మస్తు నచ్చింది."

"నెగెటివ్ ఎక్కడ బాబూ?" అన్నాడు డైరెక్టరు మెల్లగా.

"గోదాంల ఉంది సార్. అవ్వి విప్పాలంటే పెద్ద పని. ఆ కట్లు జూసి మావోళ్లు భయపడ్డరు. టేప్ దొరికింది, దానితోని చేసినం. జనాలకు ఇప్పుడు స్పీడ్ గావాలె సార్."

తిడదామని నోరు తెరిచాను. డైరెక్టరు నా మణికట్టు వదల్లేదు. "తాళంచెవి ఇవ్వు నాయనా" అన్నాడు. "చూసుకుని ఇచ్చేస్తాం." అతను డ్రైవర్ని పిలిచి ఇప్పించాడు. ఆ కట్లు విప్పించి ఉండాల్సిందని అతనికి అప్పుడు తట్టినట్టుంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం ఆటోలో గోదాంకు వెళ్లాం. నెగెటివ్ తీసుకుని మద్రాసు ల్యాబుకు వెళ్దామని, చందాలు వేసుకుని అయినా ప్రింటు తీయిద్దామని దారంతా లెక్కలు వేశాను. డైరెక్టరు గోదాం ముందు అరుగు మీద కూర్చున్నాడు. అక్కా నేనూ లోపలికి వెళ్లాం. ఎండకు రేకులు కాలిపోతున్నాయి. అక్క కట్టిన కట్టలు కట్టినట్టే ఉన్నాయి, ఒక్క ముడి సడలలేదు.

"జూసినవా? ఎలుక ముట్టలేదు" అంది అక్క సంబరంగా. బత్తాయి కట్టను ఆమె గుర్తుపట్టింది, తన పసుపు చీర ముక్క కవర్లోంచి కనబడుతోంది. పురికొస కోసి, టేపు పీకి, కవరు తెరిచింది.

ఘాటు ముఖానికి కొట్టింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. పులిసిపోయిన పచ్చడి జాడీ మూత తీసినట్టు. నేను డబ్బా తీసుకుని మూత తిప్పాను, రాలేదు. తాళంకప్పతో కొట్టి తీశాను. లోపల రీలు లేదు. బెల్లం దిమ్మలాంటిది ఒకటి ఉంది, పొరకు పొర అంటుకుని, అంచులు ముడుచుకుని, పైన తెల్లగా బూజులాంటి పొడి. గోటితో గీరితే పెచ్చుగా లేచి చేతిలోనే నలిగింది. గొడుగు విప్పాం, కొంగ విప్పాం. అన్నీ అంతే.

బయటి నుంచి డైరెక్టరు అన్నాడు, "చింతపులుసు వాసన వస్తోందేంటయ్యా?"

జీవితమంతా ల్యాబుల్లో తిరిగిన మనిషికి ఆ వాసన ఏమిటో ఒకరు చెప్పాలా?

తర్వాత ఎప్పుడో లైబ్రరీలో చదివాను. ఆ రకం ఫిల్ము ఏళ్లు గడిస్తే పులుపు ఆవిరి వదులుతుందట. గాలి తగిలితే ఆవిరి పోతుంది, ఫిల్ము ఇంకొన్నేళ్లు బతుకుతుంది. గాలి ఆడకుండా మూస్తే ఆ ఆవిరే దాన్ని తినేస్తుంది. ఎండలో కాలే రేకుల కింద అయితే ఇంకా తొందరగా తింటుంది. అలుసుగా ఏ మూలో మూత వదులు చేసి పడేసి ఉంటే ఏదో కొంత మిగిలేది. మేం పట్టుచీరలా దాచాం.

డబ్బాను ఆయన ఒళ్లో పెట్టాను. దిమ్మను అంచుల వెంట తడిమాడు. కవరుకు వేలాడుతున్న పురికొస ఆయన వేళ్లకు తగిలింది. ముడి దగ్గర వేళ్లు ఆగాయి. అక్క గుమ్మంలోనే కూలబడింది.

"నేనే గద సార్. గాలి సుత పోవద్దని కట్టిన. నా చేతులు ఇరిగిపోను."

"ఊరుకో అమ్మాయ్. నువ్వు కట్టకపోతే ఎలకలు తినేవి. ఎవరో ఒకరు తినాలిగా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు తీశావుగా. చెప్పు."

"ఏం చెప్పాలె సార్?"

"బొమ్మ. మొదటినుంచీ చెప్పు. ఆగిన చోట ఆగు."

నేను కథలు చెప్పేవాణ్ణి కాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. లారీ, హమాలీ కాళ్లు, ఎడ్లబండి, కుక్క. తప్పు చెప్పిన చోటల్లా గుమ్మంలోంచి అక్క ఏడుస్తూనే దిద్దింది. "పోలీసోని టోపీ గప్పుడే పడదు తమ్మీ, పెండ్లికొడుకు గుద్దినంక పడ్తది." "ముసల్దాని గాజులు ఎర్రయి, పచ్చయి గావు. నేనే ఏసిన." డైరెక్టరు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. దవాఖాన మెట్ల దగ్గరికి వచ్చాను. "బత్తాయి మెట్టు అంచుకు వచ్చింది" అని చెప్పి ఆగాను.

మనసులో ఫ్రేములు లెక్కపెట్టుకుంటున్నాను, బటన్ నొక్కినట్టే. అక్క ఏడుపు ఆపేసింది. లెక్క పూర్తయ్యాక, "ముసలామె ఒడిలో పడింది" అన్నాను.

డైరెక్టరు కళ్లు తెరిచాడు. "ఎక్కువైంది."

"ఏం ఎక్కువ గాలే" అంది అక్క.

"ఎక్కువైంది తల్లీ. జనం ఈల వేసింది న్యాయమే."

నాకు మండింది. "సార్, జనం రీలు ఇరుక్కుందనుకుని వేసిండ్రు. బొమ్మ నచ్చక కాదు. మీరు రాసిందే సరి."

"నేను రాశాను గనకే అంటున్నానయ్యా. మళ్లీ చెప్పు. ఈసారి కొంచెం తగ్గించు."

మళ్లీ చెప్పాను. తగ్గించి ఆగాను. ఆయన పెదవి విరిచాడు. "ఊహూ. ఇది మరీ తక్కువ. చూశావా, ఆవిడకి బత్తాయిని చూసే తీరికే లేదు." ఎండ నెత్తికెక్కింది. నెగెటివ్ దిమ్మ పక్కన పెట్టుకుని, లేని బొమ్మలో ఫ్రేములు కోస్తూ, కలుపుతూ ముగ్గురు ముసలివాళ్లం పోట్లాడుకున్నాం. దారిన పోయేవాళ్లు ఆస్తి తగాదా అనుకుని ఉంటారు. డబ్బాలను అక్కడే వదిలేసి తాళం వేశాం. ఆ పూట తేలలేదు. అటు తర్వాత నేను అల్మాస్‌గూడ వెళ్లినప్పుడల్లా అదే పని. ఒకసారి ఎక్కువైందంటాడు, ఒకసారి తక్కువైందంటాడు. ఈలోగా ఆయన చూపు పూర్తిగా పోయింది. వెలుతురు కూడా తెలియడం లేదని ఒకరోజు మామూలుగా చెప్పి, బొమ్మ చెప్పమన్నాడు.

ఆఖరిసారి చెప్పింది దవాఖానలో, జనరల్ వార్డులో. కిడ్నీలు కూడా పాడయ్యాయి. పొద్దున పది గంటలు దాటింది. పక్క మంచాల వాళ్లు, వాళ్ల చుట్టాలు కూడా వింటున్నారు. కుక్క దగ్గర ఒకాయన నవ్వాడు. పెళ్లికొడుకు దగ్గర నర్సు కూడా నవ్వింది. ఆయన కోరిన జనం ఆ రోజు దొరికారనుకోవాలి. బత్తాయిని మెట్టు అంచుకు తెచ్చి ఆగాను. వార్డులో ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ ఈల వేయలేదు. నేను ఈసారి లెక్కపెట్టలేదు. ఆయనే చెబుతాడు గదా, ఎప్పుడు వదలాలో, అని ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి పక్క మంచం ఆయన ఉండబట్టలేక అడిగాడు. "పడ్డదా, లేదా?"

అక్క నా భుజం తట్టింది. "సార్ పండుకున్నడు తమ్మీ."

నిజంగానే నిద్రపోయాడు. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. ఆ నిద్రలోంచి ఆయన మళ్లీ మాట్లాడే స్థితికి రాలేదు. మరునాడు సాయంత్రం పోయాడు.

వింటూ వింటూ నిద్రపోయాడంటే అక్కడ ఆగడం ఎక్కువైనట్టా, సరిపోయినట్టా? అక్క సరిపోయిందనే అంటుంది. నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఇంకేముంది?